కన్యకు విద్యాదానము – సమాజ ధర్మము



కన్యాదానము మహాదానమని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను మేము కాదనము. కాని ఆ పుణ్యమునకై త్వరపడి, పదునైదేండ్ల బిడ్డ చేతిలోని పుస్తకమును తీసివేసి పెండ్లిపీటపై కూర్చుండబెట్టుట ధర్మమగునా? నేడు దీనిని విచారింతము.

ముందుగా శ్రుతి ఏమనుచున్నదో చూడుడు. పండితుడైన కొడుకును కోరువారికి వలెనే, పండితురాలైన కూతురును కోరువారికిని బృహదారణ్యకోపనిషత్తు ఒక విధిని చెప్పినది. అందులోనే గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినది. మైత్రేయి ధనమును కాదని జ్ఞానమును అడిగినది. ఋగ్వేదమున ఘోష, లోపాముద్ర మంత్రద్రష్టలు. అంత దూరమేల? ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మ అవ్వకు మనమందరము చేతులు జోడించుచున్నాము. అట్టి ఊరిలో ఆడపిల్లకు చదువెందుకని అడుగుట తగునా?

చిన్ననాటి పెండ్లికి శాస్త్రమును అడ్డము పెట్టువారు కలరు. వారు సుశ్రుతుని కూడ చదువవలెను. పదునారేండ్లు నిండని స్త్రీ గర్భము ధరించిన ఆ గర్భము నిలువదని, నిలిచినను బిడ్డ బలహీనుడగునని ఆ వైద్యాచార్యుడు హెచ్చరించెను. కన్యకు 18 ఏండ్లు నిండనిదే వివాహము కూడదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది.

ఇక మన కండ్లెదుట జరిగినది వినుడు. ఆదోని మండలములోని ఒక పల్లెలో పేద దంపతులకు నలుగురు కూతుళ్లు. ముగ్గురికి పెండ్లిండ్లయినవి. నాలుగవ బిడ్డ పదవ తరగతిలో 600కు 537 మార్కులు తెచ్చుకొన్నది. దగ్గరలో కళాశాల లేదు, చేతిలో డబ్బు లేదు. ఆమెకును పెండ్లి తలపెట్టిరి. 2023లో శాసనసభ్యులు ఇంటింటికి వచ్చినప్పుడు ఆ బాలిక తనకు చదువుకొనవలెనని ఉన్నదని చెప్పుకొన్నది. ఆ మొర జిల్లా కలెక్టరు సృజనగారికి చేరినది. ఆస్పరి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమున చోటు దొరికినది. 2024 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు ఫలితములలో ఆమె 440కి 421 మార్కులతో రాష్ట్రములోని ఆ విద్యాలయములన్నింటిలోను ప్రథమురాలైనది. పోలీసు ఉన్నతాధికారి కావలెనని ఆమె కోరిక. పేరు చెప్పము; ఆమె మనందరి బిడ్డ.

ఇందులో గ్రహింపవలసినదేమి? బిడ్డ నోరు తెరచినది; ఒకరు చెవినిచ్చిరి; మరొకరు చోటు చూపిరి; గురువులు చదువు చెప్పిరి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినను ఆ చదువు సాగకపోవును. తైత్తిరీయోపనిషత్తు గురుశిష్యులను కలుపు సంధి విద్యయే అన్నది. ఆ సంధి కుదురుటకు ముందు శిష్యురాలు గురువు చెంతకు చేరవలెను గదా! ఆమెను అక్కడికి చేర్చు పని సమాజముది.

తల్లిదండ్రులను నిందింపకుడు. వానలు లేక, పనులు లేక మన పల్లెల నుండి ఏటేటా గుంటూరు మిరప కోతలకు వలస పోవుచున్నారు. ఎదిగిన పిల్లను ఒంటరిగా విడువలేక వెంట తీసికొని పోవుదురు; లేదా పెండ్లి చేసి నిశ్చింత పడుదురు. అది దుర్మార్గము కాదు, భయము. ఆ భయమును తీర్చువారు లేకున్న చట్టమొక్కటే ఏమి చేయగలదు?

ఎమ్మిగనూరు వారికి ఇది కొత్త పాఠము కాదు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. ఒంటరి మగ్గము నిలువలేనిచోట పదిమంది కూడి నిలువబెట్టుకొనిరి. మగ్గమునకు చేసినది మన ఆడబిడ్డకు చేయలేమా?

కనుక మేము కోరునది ఇంతే. వలసకు పోవు ఇంటి పిల్లను పొరుగువారు అడిగి తెలిసికొనుడు. ఆమెను వసతిగృహమున చేర్చు వరకు వెంట నడువుడు. చదువుకొన్న స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కొక్క బాలికకు అక్కగా నిలువుడు. దరఖాస్తు వ్రాసి యిండు, నెలకొకసారి పోయి పలుకరింపుడు. బాల్యవివాహమని తెలిసిన 1098కి ఫోను చేయుడు. పురోహితులు వధువు వయస్సు విచారింపక ముహూర్తము పెట్టకుందురు గాక.

చదివిన కన్యకు తరువాత వివాహము జరుగకపోదు. అప్పుడు చేయు కన్యాదానము మరింత శోభించును. సరస్వతీదేవి మీ ఇండ్ల ఆడబిడ్డలను కటాక్షించుగాక!

శుభమస్తు.