గుమ్మడి - మన యింటి సిరి
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఢిల్లీకి బదిలీయై వచ్చిన తొలి మాసమున, కూరగాయల అంగడిలో "సీతాఫల్" అను కేక విని మిగుల సంతసించితిని. ఒక కిలో యిమ్మనగా, అంగడివాడు గుమ్మడిపండు ముక్కను కోసి తూచి యిచ్చెను! ఇచ్చట గుమ్మడికే ఆ పేరు. మన సీతాఫలము "శరీఫా". నాటి నా నిరాశయే నేటి యీ ప్రసంగమునకు మూలము.

మనము గుమ్మడి యను ఒక్క పేరుతో పిలుచునవి నిజమునకు రెండు జాతులు. బూడిద గుమ్మడి ఆసియా ఖండమున ప్రాచీనకాలమునుండి యున్నది. సంస్కృతమున కూష్మాండ మనునది యిదియే. వైద్యుల లేహ్యమునకు, మన తల్లుల వడియములకు, ఆగ్రా పేఠాకు ఇదియే ఆధారము. తీపి గుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికోలో సుమారు 10,000 సంవత్సరముల క్రిందటనే గుమ్మడిజాతిని సాగుచేసిరని గుహలలో దొరకిన గింజలు తెలుపుచున్నవి. 1492 తరువాతనే అది సముద్రములు దాటి మనకు వచ్చినది. అట్టి పరదేశి మన దప్పళములో ముక్కయై కలిసినది. సంక్రాంతి గొబ్బెమ్మల తలపై పూవై నిలిచినది. బదిలీలపై తిరుగు మనబోటివారు దానినుండి నేర్వదగినది కలదు!

ఇక జనుల నమ్మకములు. గుమ్మమునకు దిష్టికై బూడిద గుమ్మడిని కట్టుదురు. జీవబలికి బదులుగా దానికి కుంకుమ పూసి పగులగొట్టుదురు. నిండుకాయకు స్త్రీలు తొలిగాటు పెట్టరాదని కొన్ని యిండ్లలో నియమము. ప్రాణి బదులు కాయను సమర్పించుట దయగల యాలోచనయే. కాని పగిలిన ముక్కలను నడివీథిలో విడిచిపెట్టిన, వెనుక వచ్చు వాహనదారుడు జారిపడును. దిష్టి మనకు పోయి దెబ్బ అతనికి తగులుట న్యాయమా?

నా చిన్ననాటి మాట యొకటి మనవి చేసెదను. మా తమ్మునికి అయిదవయేట రేచీకటి పట్టినది. దీపములు పెట్టువేళ గడప తగిలి పడుచుండెడివాడు. అల్లరి యని నేను వానిని కొట్టితిని కూడ. ఆ దెబ్బ నేటికిని నన్ను బాధించుచున్నది. వైద్యుడు విటమిన్ ఎ మందిచ్చి, ఆకుకూరలు, పసుపువన్నె పండ్లు, గుమ్మడి పెట్టుడనెను. వాని చూపు చక్కబడినది. ఆ దినములలోనే మా పెంకుటింటిపై గుమ్మడిపండ్లు వరుసగా నుండెను! వాతమని మేము తినక, పండుగనాడు దానమిచ్చుచుంటిమి.

తీపి గుమ్మడి పసుపువన్నెకు కారణమైన బీటా కెరోటిన్‌ను మన శరీరము విటమిన్ ఎగా మార్చుకొనును. కొంచెము నూనెతో వండిన అది చక్కగా వంటబట్టును. పచ్చి గుమ్మడి 100 గ్రాములలో నూటికి 90 పాళ్లకు మించి నీరే; శక్తి సుమారు 26 కాలరీలు. మనము పారవేయు గింజల పప్పులో 100 గ్రాములకు దాదాపు 30 గ్రాముల మాంసకృత్తులున్నవి. బూడిద గుమ్మడిలో మాత్రము కెరోటిన్ అత్యల్పము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారమున, 1970లో భారతప్రభుత్వము పిల్లలకు విటమిన్ ఎ మోతాదులిచ్చు పథకము నారంభించినది. చూపు మందగించినచో వైద్యుని చూడవలసినదే. గుమ్మడి మందునకు బదులు కాదు. కాని ఆ యవసరము రాకుండ కాచు ఆహారములలో అది యొకటి.

"గుమ్మడికాయల దొంగ" యనగానే భుజములు తడుముకొను సామెత మనకు కలదు. ఇంట పసిపిల్లలుండియు గుమ్మడిని వంటయింటికి రానీయనివారు నేడొకసారి భుజములు తడుముకొందురుగాక! ముందుగా తడుముకొన్నవాడను నేనే.