హాజరు పలకని గుంటడు

(విశాఖ పాతబస్తీలో తల్లుల, టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేం డాక్టర్లం కాం. బడి పంతుళ్లం. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివినోళ్లం. అయినా ఈ సంగతి మేమే మాట్లాడాలి. పిల్లాడికి చెవులు పోతున్నాయని ముందు తెలియాల్సింది రోజూ హాజరు పిలిచేవాళ్లకి. మాకు తెలీలేదు. ఆ తప్పు ఒప్పుకునే మొదలెడుతున్నాం.

2015లో మా బడిలో ఏడో తరగతి గుంటడు. తండ్రి పోర్టులో కళాసీ. మామూలు మందులకి లొంగని టీబీ వచ్చింది. ఆరు నెలలు కనామైసిన్ సూది పొడిచేరు. బతికేడు. తిరిగి బడికొచ్చేడు. పేరు పిలిస్తే పలకడు. డిక్టేషన్‌లో 'సంత' అంటే 'అంత' అని రాసేడు, 'చేప' అంటే 'ఏప' అని రాసేడు. పొగరనుకున్నాం. బెంచీ ఎక్కించేం. (బెత్తం కూడా వాడేం. సిగ్గుతోనే చెప్తున్నాం.) వాళ్లమ్మొచ్చి, "ఓడ కూతేస్తే ఉలిక్కిపడతాడు మేష్టారూ, మావోడికి సెవుడేటి?" అంది. నిజమే కదాని మేమూ తలూపేం.

అక్కడే మోసపోయేం. ఈ సూది లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాల్ని చంపుతుంది. ముందు పోయేవి సన్నటి శబ్దాలు పట్టే కణాలు. స, శ, చ వినపడవు. ఓడ కూత, లారీ మోత వినపడతాయి. చచ్చిన కణం మనిషికి మళ్లీ మొలవదు. సూది ఆపేక కూడా కొన్నాళ్లు చెవి పోతూనే ఉండొచ్చు.

ఇదేమన్నా కొత్త సంగతా? స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో కనిపెట్టేరు. కొద్ది ఏళ్లలోనే చెవుల మీద దెబ్బ సంగతి డాక్టర్లే రాసుకున్నారు. కనామైసిన్ 1957లో జపాన్‌లో వచ్చింది, దానిదీ అదే గుణం. 1971లో మన ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాయి వెయ్యకముందే తెలిసిన సంగతి, 2015లో ఆ తల్లికి ఒక్కరూ చెప్పలేదు.

సూది వద్దనే మాట కాదు మాది. ఆ రోజు అది లేకపోతే గుంటడు దక్కేవాడు కాదేమో. మొదలెట్టే ముందోసారి, తర్వాత నెలనెలా చెవి పరీక్ష చేస్తే, తేడా కనపడగానే మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. చప్పుడు లేని గది, ఓ మిషను, అరగంట టైము. మన వాడ పిల్లాడికి ఆ అరగంట దక్కలేదు. టీబీ పురుగు కులం చూడదంటారు. గాలాడని గదులు, అరకడుపు తిండి ఎవరివో చూడండి మరి.

ముంబయిలో నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలే, ఇద్దరూ టీబీ సూదులతోనే వినికిడి పోగొట్టుకున్నారు. ఊరుకోలేదు. సూది బదులు వాడే బెడాక్విలిన్ మాత్ర మీద జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఇంకో పేటెంటు అడిగితే 2019లో అడ్డం తిరిగేరు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తు కొట్టేసింది.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్ వాడొద్దంది. మొండి టీబీకి అమికాసిన్ సూదైనా 18 ఏళ్లు నిండినోళ్లకే, అదీ చెవి పరీక్షలతోనే అంది. అంచేత టీబీకని మీ పిల్లాడికి సూది రాస్తే, 'మాత్ర లేదా? చెవి పరీక్ష చేసేరా?' అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనీండి. వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, తీసుకెళ్లండి. తోడు కావాలంటే మేమొస్తాం.

మరి ముందే పోయిన చెవుల మాటేంటి? ఆ గుంటడి టీబీ కార్డులో 'నయమైంది' అని ఉంది. చెవి సంగతి రాసే గడే లేదు అందులో. ఎనిమిదిలో బడి మానేసేడు. ఇప్పుడు గాజువాకలో వెల్డింగు షాపులో ఉన్నాడు. ఆ పనికి చెవులతో పనిలేదని పెట్టుకున్నారట.

ఆ సూదులు పొడిపించుకున్న పిల్లలందర్నీ సర్కారే వెతికి పరీక్ష చెయ్యాలి. చెవి మిషను, సదరం సర్టిఫికెట్ ఇవ్వాలి. అడగడానికి లెక్క కావాలి. వచ్చే ఆదివారం రెల్లివీధి నించి మొదలెడతాం. కాగితాలు మేం తెస్తాం. మీరు పాత టీబీ కార్డులు పెట్టెల్లోంచి తీసి ఉంచండి.