మరల వచ్చిన కాలయాత్రికుడు

నిలిచిపోయిన ధారావాహిక చాలకాలమునకు మరల ప్రారంభమగుట మా వృత్తిలో అరుదు. నటులు చెదరిపోవుదురు, ప్రేక్షకులు పెద్దవారగుదురు, అభిరుచులు మారును. అయినను బి.బి.సి. వారి 'డాక్టర్ హూ' అను వైజ్ఞానిక కల్పనా ధారావాహిక 1989 డిసెంబరులో ఆగిపోయి, 2005 మార్చి 26న టెలివిజనులో తిరిగి మొదలైనది. నడుమ 1996లో ప్రసారమైన చిత్రము తప్ప పూర్తి నిడివి గల క్రొత్త కథ అందు రాలేదు. ఈ పునరాగమనము ఎట్లు సాధ్యమైనదో కొంత విచారింతము.

ఆ కథ 1963 నవంబరు 23న ఆరంభమైనది. ముందటి దినముననే అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్యకు గురియయ్యెను. లోకమంతయు ఆ వార్తలో మునిగియుండెను. అందుచే మరుసటి వారము తొలి భాగమును మరల ప్రసారము చేసి, దాని వెంటనే రెండవ భాగమును చూపిరి. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అప్పటికి ముప్పది యేండ్లు నిండని యువతి. తొలి భాగపు దర్శకుడు వారిస్ హుసేన్ మన లక్నోలో జన్మించినవాడు. ఆయన తల్లి, రచయిత్రి అతియా హుసేన్, లండను రేడియోలో ప్రాచ్యదేశ శ్రోతలకై కార్యక్రమములు నిర్వహించినది.

కథానాయకుడైన డాక్టర్ వేరొక లోకమువాడు. పోలీసువారి నీలిరంగు పెట్టెను బోలిన యంత్రములో కాలమునందును ఆకాశమునందును సంచరించును. 1966లో ఆ పాత్రధారి విలియమ్ హార్ట్‌నెల్ ఆరోగ్యము చెడి తప్పుకొనవలసివచ్చినది. అప్పుడు డాక్టర్ దేహము జీర్ణమైనచో క్రొత్త దేహముతో లేచునని కల్పించి, ప్యాట్రిక్ ట్రౌటన్‌ను ప్రవేశపెట్టిరి. జీర్ణవస్త్రమును విడిచినట్లు దేహమును విడుచు ఆత్మను గూర్చి వినుచు పెరిగిన మనకు ఈ ఊహ అంత వింత గాదు. 2005లో రచయిత రస్సెల్ టి. డేవిస్ ఈ వెసులుబాటునే గ్రహించి, క్రిస్టఫర్ ఎకల్‌స్టన్‌ను క్రొత్త డాక్టరుగా నిలిపి, దుకాణములో పనిచేయు రోజ్ అను పిల్ల కన్నులతో కథను నడిపించెను. పాతకథ నెరుగని బాలుడు సైతము తొలి దినముననే అందు ప్రవేశింపగలిగెను.

అయితే తిరిగి రానివియు గలవు. 1960 తరువాతి దశకమునాటి భాగములనేకము నేడు చిత్రరూపమున లేవు. టేపు ఖరీదైన వస్తువు. ప్రసారమైనదానిని చెరిపి, దానిమీదనే మరియొకటి నమోదు చేయుట ఆనాటి ఆచారము. తొమ్మిది భాగములు నైజీరియాలో దొరకినవని 2013లో ప్రకటించిరి. విశేషమేమనగా, పోయిన ప్రతి భాగముయొక్క ధ్వనియు మిగిలియున్నది. అభిమానులు కొందరు తమ యిండ్లలో టెలివిజను చెంత టేపు రికార్డరు నుంచి భద్రపరచినదే అది. సంస్థ చెరిపినదానిని గృహస్థులు కాపాడిరి.

చెరిపినవారిని నిందించుట సులభము. మేమును ఆ ఆచారములో పాలుపంచుకొన్నవారమే. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో, టేపు చాలనప్పుడు పాత ప్రసంగములను చెరుపుచుంటిమి. ఒకనాడు ఒక హరిదాసుగారి కుమారుడు, గతించిన తండ్రి గొంతు ఒక్కమారు వినవలెనని మా యొద్దకు వచ్చెను. అలమరలో ఆయన పేరు వ్రాసిన పెట్టె దొరకినది. టేపును యంత్రమున కెక్కింపగా ఎరువుల వాడకమును గూర్చిన ప్రసంగము వినవచ్చెను. అది మాలో ఒకరము నమోదు చేసినదే. ఆ కుమారుడు కొంతసేపు విని, నమస్కరించి వెడలిపోయెను.

డాక్టర్ క్రొత్త దేహముతో మరల రాగలడు. మన హరిదాసుగారు రాలేరు. మీ యింట అటకమీద పాత క్యాసెట్టు ఏదైన నున్నచో పారవేయకుడు. అందేమున్నదో ఒకమారు వినుడు. వినినదానిని వేరొక చోట నకలు తీసి, అది ఎవరి గొంతో, ఏ సంవత్సరమునాటిదో పైన వ్రాసియుంచుడు. మా అలమరలో లేనిది మీ అటకమీద నుండవచ్చును.