పాత మోటారు సైకిలు కొన్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

(రోగుల బంధువులకు, సహాయకులకు నర్సింగ్ సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు నాలుగు రోజులుగా, కొందరు నెల రోజులుగా మీ మనిషి మంచం పక్కనే ఉంటున్నారు. అన్నం క్యారేజీ పట్టుకుని ఊరికీ ఆసుపత్రికీ తిరుగుతున్నారు. ఆ తిరుగుడులో ఎక్కువ మందికి ఆధారం మోటారు సైకిలే. షుగరు గురించో, బి.పి. గురించో చెబుతాననుకుని కూర్చున్నారేమో, ఈ రోజు బండి గురించి చెబుతాను. నర్సమ్మకు బండి సంగతి ఎందుకని నవ్వుకోకండి. ఎముకల వార్డులో మంచాల వెంట ఒకసారి నడిచి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో బండి కొనే కాలం ఒకటుంది. పత్తి తీతలు అయిపోయి, మిరపకాయ కళ్లం నుండి యార్డుకు చేరి, చేతికి నాలుగు డబ్బులు వచ్చిన కాలం. అప్పులు తీర్చగా మిగిలిన దానితో కొత్త బండి రాదు కాబట్టి పాత స్ప్లెండరో, ప్యాషనో, ప్లాటినానో కొంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే పాత బండి అంటే ఒకరి అలవాట్లకు అరిగిన యంత్రం. దాని బ్రేకు ఎంత పడుతుందో, టైరు వయసెంతో, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో తెలియకుండానే మనం దానిమీద పెళ్లాం బిడ్డల్ని ఎక్కించుకుంటాం.

ముందు కాగితాల సంగతి చూద్దాం. సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరు 10, వినాయక చవితి రాత్రి, హైదరాబాదు మాదాపూరు కేబుల్ వంతెన దగ్గర రోడ్డు మీద పేరుకున్న ఇసుకలో ఆయన బండి జారింది. ఆ బండి పాతదిగా కొన్నదనీ, రిజిస్ట్రేషను ఇంకా మొదటి యజమాని పేరునే ఉందనీ పోలీసులు అప్పట్లో చెప్పారు. కాలరు ఎముక విరిగింది, చాలా రోజులు స్పృహ లేకుండా ఉన్నారు. కానీ తలకు హెల్మెట్ ఉంది. దారిన పోయేవారు వెంటనే 108కి ఫోను చేశారు. ఆయన కోలుకుని మళ్లీ సినిమాలు చేస్తున్నారు. హెల్మెట్ వల్లే బతికానని తర్వాత ఆయనే అందరికీ చెబుతూ వచ్చారు. పాత బండి, ఇసుక, హెల్మెట్, 108. ఈ రోజు నేను చెప్పదలచుకున్నవన్నీ ఆ ఒక్క సంఘటనలోనే ఉన్నాయి.

పేరు మార్పించుకోవడం ఎందుకంత ముఖ్యం? బండి అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మన దగ్గర జరిగేదేమిటంటే, సంతకం పెట్టిన 29, 30 నంబరు ఫారాలు చేతికిచ్చి "తర్వాత మార్పించుకో తమ్ముడూ" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదేననీ 2018లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి మీరు అమ్మేవారైనా ఆ కాగితం వదిలిపెట్టకూడదు.

కొన్నవారికి ఇంకొక నష్టముంది, ఇది అమ్మలు, అక్కలు బాగా వినాలి. థర్డ్ పార్టీ బీమా అనేది మన బండి తగిలి దెబ్బ తిన్న అవతలివారి కోసం. నడిపిన మనిషి పోతే ఇంటివారికి వచ్చేది యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా. అది 2018 నుండి 15 లక్షల రూపాయలు. ఆర్.సి.లో, పాలసీలో తన పేరు ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న యజమానికే అది వర్తిస్తుంది. భర్తను పోగొట్టుకున్న అమ్మాయి చేతిలో ఎవరో ముక్కూ మొగం తెలియని మనిషి పేరున్న ఆర్.సి. ఉంటే, ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది? ఈ సాయంత్రమే మీ ఇంటి బండి కాగితాలు తీసి పేరు చూడండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్నవాటితో సరిపోల్చండి. ఫైనాన్సు బాకీ ఉన్నట్లు రాసి ఉంటే అది తీసేయించాలి. రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరాలు. బాగా పాత బండి అయితే ఆ తేదీ కూడా చూసుకోండి.

ఇక బండిని మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్లండి. ముందు బ్రేకులు, తర్వాతే ఇంజను. చాలామంది పొగ వస్తుందా, మైలేజీ ఎంత అని అడుగుతారు గానీ ఆగుతుందా అని అడగరు. డ్రమ్ము బ్రేకు ఉన్న చాలా బండ్లకు డ్రమ్ము దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు ఆ బాణం పక్కనున్న గీతను చేరుకుందంటే బ్రేకు షూలు అయిపోయినట్లే. వాటిని మార్చాలి, బిగించి సరిపెట్టకూడదు. బ్రేకు తీగ, క్లచ్ తీగ పోగులు పోగులుగా విడిపోతుంటే అవీ మార్పించండి.

టైరు పక్కన ఒక చోట నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోపల అడ్డంగా చిన్న గట్టులాంటి గుర్తు ఉంటుంది. టైరు అరిగి ఆ గట్టుకు సమానమైతే ఇక పనికిరాదు. పక్కన పగుళ్లు ఉన్నా పనికిరాదు. మే నెల ఎండలో అలాంటి టైరుతో జాతీయ రహదారి ఎక్కకండి. గాలి ఎంత కొట్టించాలో బండి మీదనో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఒక్కరు ఎక్కితే ఒక లెక్క, వెనుక మనిషి ఉంటే వెనుక చక్రానికి ఇంకా ఎక్కువ. పెట్రోలు బంకులో వారానికొకసారి కొట్టించుకుంటే ఐదు నిమిషాల పని.

ఇంజను ఆయిలు పాతవాళ్లు ఎప్పుడు మార్చారో మనకు తెలియదు కాబట్టి, కొన్న వెంటనే ఒకసారి మార్పించి ఆ రోజు కిలోమీటర్ల అంకె గోడ మీద రాసుకోండి. నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతున్నదని గుర్తు. మన దగ్గర పత్తి నూగు, మిరప దుమ్ము కలిసి ఎయిర్ ఫిల్టరును త్వరగా పూడుస్తాయి, కాబట్టి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే శుభ్రం చేయించాలి. నల్లరేగడి బురద సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. వానాకాలం డొంక దారిలో పోతే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. ఆ బురద టైరుతో అలాగే తారు రోడ్డెక్కితే నూనె రాసినట్లు జారుతుంది. రోడ్డెక్కే ముందు పుల్లతో గీకి, కొంతదూరం నెమ్మదిగా పోండి. వాగులో నీళ్లు దాటాక కూడా బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరనివ్వండి.

చైను వదులుగా ఉండకూడదు, బిగుసుకునీ ఉండకూడదు. మధ్యలో వేలితో ఎత్తితే 20 నుండి 30 మిల్లీమీటర్లు ఆడితే చాలు. బురద కడిగాక తుడిచి ఆయిలు వేయండి. అయితే తమ్ముళ్లూ, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజను స్టార్టు చేసి, చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైను తుడిచే అలవాటు కొందరికి ఉంది. గుడ్డతో పాటు వేళ్లు కూడా చైనులోకి పోతాయి, క్షణం పట్టదు. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. ఒకవేళ ఎవరికైనా వేలు తెగితే, ఆ ముక్కను శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూటకట్టి, ఆ కవరును ఐసులో పెట్టి తీసుకురండి. వేలును నేరుగా ఐసులో వేయకూడదు. పసుపు, కాఫీ పొడి అద్దకూడదు.

నడపడం గురించి. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామనే భయం మన ఊళ్లలో ఉంది. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ముందుది ఒక్కసారిగా కాక క్రమంగా నొక్కాలి. ఇసుకలో, తడిలో, మలుపులో మాత్రం మెల్లగా. బండి కొత్తగా చేతికి వచ్చినప్పుడు ఖాళీ స్థలంలో గంటసేపు ఆపడమే నేర్చుకోండి. పోవడం అందరికీ వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు 16 మీటర్లకు పైగా పోతాం. ఎదుట వెనుక లైటు లేని పత్తి ట్రాక్టరు ఆగి ఉందని చూసేసరికే రెండు సెకన్లు గడుస్తాయి. పత్తి బోరేలు రెండు పక్కలకూ పొంగి ఉంటాయి, చీకట్లో వాటి అంచు కనిపించదు. రాత్రి పూట వేగం తగ్గించడం తప్ప దానికి వేరే మందు లేదు.

చేలో రోజంతా పురుగుమందు కొట్టి సాయంత్రం బండెక్కి ఇంటికి వచ్చేవారున్నారు. తల తిరగడం, చూపు మసకబారడం, ఒళ్లంతా చెమటలు పట్టడం, వాంతి వచ్చినట్లు ఉండడం మందు ఒంట్లోకి పోయిన లక్షణాలు. అప్పుడు బండి నడపకూడదు. బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని, ఇంకొకరిని తోడు తీసుకుని ఆసుపత్రికి రావాలి.

ఇక మీ గురించే. రాత్రంతా రోగి దగ్గర మేలుకుని తెల్లవారుజామున బండి మీద ఇంటికి బయలుదేరతారు. పశువులకు మేత వేయాలి, పిల్లల్ని బడికి పంపాలి, నిజమే. కానీ 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి, చట్టం ఒప్పుకునే హద్దు దాటి మద్యం తాగినవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది. వరండాలో ఒక గంట పడుకుని వెళ్లండి, లేదా బస్సెక్కండి. మిమ్మల్ని లేపమని డ్యూటీలో ఉన్న సిస్టరుకు చెబితే లేపుతుంది.

అలాగే డిశ్చార్జి రోజున ఆపరేషను అయిన మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురు పోవడం గేటు దగ్గర చూస్తుంటాం. కడుపు కుట్లు ఉన్నవారికి ఒక్క గుంత చాలు. కంటి ఆపరేషను అయినవారికి మిరప దుమ్ము చాలు. మత్తు మందు తీసుకున్నవారు పట్టు వదిలేస్తారు. ఆటోకు ఇచ్చే డబ్బు మందుల ఖర్చులో ఒక భాగమనుకోండి.

వెనుక కూర్చునే అక్కచెల్లెళ్లు చీర కొంగును, చున్నీని నడుముకు చుట్టి దోపుకోవాలి. చక్రంలో చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది, లేదా మనిషిని కిందికి లాగేస్తుంది. పాత బండ్లకు శారీ గార్డును అందం చెడిందని ఊడదీసి ఉంటారు. వెనుక చక్రాన్ని సగమైనా కప్పేలా అది ఉండాలని నిబంధనే ఉంది, అడిగి పెట్టించుకోండి. వెనుక కూర్చున్న పసిపిల్లల మడమ స్పోకుల్లో పడి తోలు ఊడి వచ్చే గాయాలు చాలా నెమ్మదిగా మానతాయి. ఆ పిల్లలకు కట్లు మార్చేటప్పుడు వాళ్ల ఏడుపు మాకే భరించడం కష్టం. కాళ్లకు బూట్లు వేసి, పెద్దవాళ్లు పట్టుకుని కూర్చోవాలి. తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుండి నిబంధన అమలులో ఉంది. సైలెన్సరు కాలితే టూత్‌పేస్టు, సిరా రాయకుండా 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టండి.

హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవారు లెక్క తేల్చారు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొని, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టనిది మనకంటే ముందే ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్నవారికీ కావాలి. వారి తల ఏమీ రాయి కాదు కదా. పాత బండితో పాటు ఊరికే వచ్చిన పాత హెల్మెట్‌ను నమ్మకండి, అది ఎన్నిసార్లు పడిందో మీకు తెలియదు.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే చూసి పోకండి. 108కి ఫోను చేయండి, మన రాష్ట్రంలో ఆ సేవ 2005 నుండి ఉంది. సహాయం చేసినవారిని వేధించకూడదని 2016లో సుప్రీం కోర్టు ఆమోదించిన మార్గదర్శకాలున్నాయి, 2019లో చట్టంలోనూ చేర్చారు. ప్రమాదం జరిగిన నాటి నుండి ఏడు రోజుల వరకు లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 2025 మే నెలలో వచ్చింది, గుర్తించిన ఆసుపత్రుల్లో దాని గురించి అడగండి. కిందపడినవారికి నీళ్లు, సోడా తాగించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెడ కదలనివ్వవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఉంచండి.

పడి లేచి "నాకేం కాలేదు" అని ఇంటికి వచ్చినవారిని కూడా ఒక పగలు, ఒక రాత్రి కనిపెట్టి ఉండండి. మాటిమాటికీ వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, ఫిట్సు వచ్చినా, ముక్కు నుండో చెవి నుండో నీళ్లు, రక్తం కారినా, లేపితే సరిగా లేవకపోయినా తెల్లవారే దాకా ఆగకండి. ఏ వేళప్పుడైనా క్యాజువాలిటీ తలుపు తెరిచే ఉంటుంది.