పురిటికి వచ్చు పక్షులు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



చలి మొదలైనంతనే శ్రీకాకుళం జిల్లా తీరమునకు పక్షులు చేరును. నౌపడ ఉప్పుమడులలోను, చిత్తడి నేలలలోను ఉల్లంకి పిట్టలు బురదను పొడుచుచు తిరుగును. టెక్కలి మండలమందలి తేలినీలాపురములో గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును చింతచెట్లపై గూళ్ళు కట్టును.

గూడబాతులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుదురు. అది సరికాదు. ఇవి దక్షిణాసియా పక్షులే. ఉల్లంకులు ఉత్తరదేశముల చలికి తాళలేక తిండికై ఇచటికి వచ్చి, పిల్లలను చేయుటకు స్వస్థానమునకు మరలును. గూడబాతు ఇచటనే పిల్లలను చేయును. కనుక అది అతిథి కాదు; పురిటికి వచ్చిన ఆడపడుచు.

గ్రుడ్లు పొదుగుటకు సుమారు నెల పట్టును. పిల్లలు గూడు విడుచుటకు మరి మూడు నెలలైనను కావలెను. ఈలోగా ఎవరైనను కొమ్మ నరికినను, టపాకాయ ప్రేల్చినను తల్లి బెదరి లేచిపోవును. అంతలో కాకి గ్రుడ్డును ఎత్తుకొనిపోవును.

కొల్లేటి చెంత ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద స్థావరమును 1946లో నీలకంఠన్‌గారు కనుగొనిరి. 1970 దశకము నాటికి అది అంతరించినది. పిదప బహుకాలమునకు ఆటపాక వద్ద అటవీశాఖ మంచెలు నిలిపిన మీదట పక్షులు ఆ సరస్సున మరల గూళ్ళు కట్టినవి. చెట్టును కాపాడుట సులభము. పోయినదానిని మరల తెచ్చుట కష్టము.

తేలినీలాపురమునకును ఆపదలు తప్పలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరమును తాకినది. 2021–22 శీతకాలమున చేపలద్వారా సోకిన పురుగులవలన వందకు పైగా గూడబాతులు మరణించినవి.

పంచాయతీలు చేయదగిన పనులు కొన్ని కలవు. పక్షులు వాలు చెట్లను వేలము వేయరాదు. చింత ఎదుగుటకు ఏండ్లు పట్టును గనుక నేడే మొక్కలు నాటవలెను. చెరువులలో మురుగు కలియకుండ చూడవలెను. చచ్చిన పక్షి కనబడినచో చేతితో తాకక, అటవీ, పశువైద్య శాఖలకు వెంటనే తెలుపవలెను. పక్షులను వేటాడుట, గ్రుడ్లు తీయుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరములని దండోరా వేయించవలెను.

చూడవచ్చువారు ఉదయమున గాని సాయంకాలమున గాని, దూరముగా నిలిచి నిశ్శబ్దముగా చూడవలెను. బడిపిల్లలకు ఈ మర్యాద మీరే నేర్పవలెను.

పక్షి రెట్ట చెరువునకును పొలమునకును ఎరువగును. ఆడపడుచు వట్టిచేతులతో రాదు గదా! రానున్న గ్రామసభలో ఈ చెట్ల రక్షణకై ఒక తీర్మానము చేయుడని కోరుచున్నాను.