తెల్లబనియను



బనియను గూర్చి ఉపన్యాసమా యని నవ్వకుఁడు. నేను కోనసీమలో బడిపంతులుగా నున్నప్పుడు, ఒక శ్రావణమాసమున, ఎఱ్ఱబాఱిన బనియను తొడిగి వచ్చిన బాలుని అందఱియెదుట మందలించితిని. వాఁడు తలవంచి, “రోజూ ఉతుకుతున్నానండి, కాలవనీళ్లే ఎఱ్ఱగా ఉన్నాయండి” అనెను. ఆ మాట నన్ను నేఁటికిని బాధించుచున్నది.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాఁటినుండి మనకు కాలువలే ఆధారము. వరదనాళ్లలో ఆ నీటితో ఒండ్రుమట్టియు వచ్చును. అది నూలుపోగులలో నిలిచి వస్త్రమునకు రంగు పట్టించును. కావున ముందు నీటిని శుభ్రపఱుపవలెను. ఇండుపగింజను సానపై అరగఁదీసి బిందెలో కలిపి, రాత్రియంతయు కదలింపక యుంచి, ఉదయమున పైతేటను మెల్లగా వంచుకొనవలెను. పటికయు నీ పనియే చేయును.

విడిచిన బనియను నానాఁడే ఉతుకవలెను. చెమటలోని ఉప్పును, దేహపు జిడ్డును నిలువయుండినకొలఁది పసుపుమరక గట్టిపడును. సబ్బుతో నుతికి, తేటనీట రెండుమార్లు జాడించి, తిరగవేసి ఎండలో ఆఱవేయవలెను. నీలిమందు పసుపుచాయను కంటికి మఱుగుపఱచును గాని మురికిని పోఁగొట్టదు. బ్లీచింగుపొడి తఱచు వాడినచో నూలు చివికిపోవును.

తడి యాఱని బనియను ఎంత తెల్లనిదైనను తొడుగరాదు, తామర వ్యాపించును. కొంచెము రంగు మాఱినను, ఎండిన బనియనే మేలు.

బాలుని బట్టను జూచి మందలించుటకు ముందు వాని యింటి నీటిని విచారింపుఁడు. నేనట్లు చేయనైతిని. సెలవు.