తలుపు తట్టే పండుగ



మనలో కొందరి మనవలు అమెరికాలో అక్టోబరు 31న దయ్యాల వేషాలు కడుతుంటారు. ఆ హాలోవీన్‌కు మూలం ఐర్లండ్‌లో చలికాలానికి ముందు జరిపే 'సౌన్' పండుగ అంటారు. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. వలస వెళ్ళినవారికి అమెరికాలో గుమ్మడికాయ దొరికింది. 1920, 30లలో కుర్రకారు ఆగడాలు మితిమీరాయి. పెద్దలు మిఠాయిలు పంచి వారిని దారిలో పెట్టారు.

తర్వాత భయం వచ్చింది. 1974లో టెక్సాస్‌లో విషపు మిఠాయి తిని ఒక పిల్లవాడు చనిపోయాడు, పెట్టినవాడు కన్నతండ్రే! 1982లో షికాగో ప్రాంతంలో విషం కలిపిన టైలినాల్ మందుకు ఏడుగురు బలయ్యాక అనుమానం ఇంకా పెరిగింది. అయినా పరాయివారి మిఠాయితో పిల్లలు చనిపోయినట్టు పరిశోధకులకు రుజువు దొరకలేదు.

కనుక మీరు అక్కడ ఉన్నప్పుడు పిల్లలు తలుపు తడితే తీయండి. ఇరుగుపొరుగు పరిచయం అలాగే మొదలవుతుంది.